అతికిన చేతికీ ఒక పేరుంది
(మహిళల కార్యశాలలో చేసిన ప్రసంగ పాఠం)



కొలాజ్ గురించి మాట్లాడమన్నారు. కాగితాలు, బట్టలు, ఫోటోలు కత్తిరించి ఒకచోట అతికించి చేసే బొమ్మ కొలాజ్. ఫ్రెంచిలో ఆ మాటకు అతికించడమనే అర్థం. కళాచరిత్ర పుస్తకాలు సాధారణంగా దీన్ని 1912లో పికాసో, బ్రాక్‌లతో మొదలుపెడతాయి. పాత చీరలు పొరలుగా పరిచి, చిరుగుల మీద ముక్కలు వేసి బొంతలు కుట్టిన మా అమ్మమ్మ లాంటివాళ్లు ఆ చరిత్రలో లేరు. వాళ్లు చేసింది ఇంటిపని, వీళ్లు చేసింది కళ! ఈ గీత ఎవరు గీశారు?

బెర్లిన్‌లో హానా హోష్ అనే కళాకారిణి మహిళల పత్రికలకు కుట్లు, అల్లికల నమూనాలు గీసేది. 1919-20లో ఆమె పత్రికల్లోని ఫోటోలు కత్తిరించి పెద్ద కొలాజ్ చేసింది. దాని పేరులోనే వంటింటి కత్తి ఉంది. సేనాధిపతి హిండెన్‌బర్గ్ తల తీసి నాట్యకత్తె ఒంటికి అతికించింది. కింద కుడి మూలన స్త్రీలకు ఓటు హక్కు వచ్చిన యూరప్ దేశాల పటం, దాని పక్కన చిన్నగా తన ముఖం పెట్టింది. జర్మనీ స్త్రీలు జాతీయ ఎన్నికల్లో మొదటిసారి ఓటు వేసింది 1919 జనవరిలో. అంటే, తానూ పౌరురాలినేనని ఆమె బొమ్మలో చెప్పుకుంది. అయినా 1920 ప్రదర్శనలో ఆమెకు చోటివ్వడానికి తోటి కళాకారులే కొందరు అడ్డు చెప్పారు. ఆ తర్వాత ఒక సహచరుడు తన జ్ఞాపకాల్లో ఆమె అందించిన శాండ్‌విచ్‌లను, కాఫీని తలుచుకున్నాడు!

అమెరికాలో నల్లజాతి కళాకారిణి ఫెయిత్ రింగోల్డ్ (1930-2024) పూర్వీకురాలు ఒకామె బానిసగా యజమానులకు బొంతలు కుట్టింది. ఆ విద్య తరతరాలుగా రింగోల్డ్ తల్లి దాకా వచ్చింది. 1980లో తల్లీకూతుళ్లు కలిసి ఒక బొంత చేశారు. తన ఆత్మకథ వేసే ప్రచురణకర్త దొరక్కపోతే, రింగోల్డ్ బొంతల మీదే కథలు రాయడం మొదలుపెట్టింది. బానిసత్వంలో పేరు లేకుండా పోయిన పనికి ఆమె తన పేరు పెట్టింది.

మరి మన వారసత్వం ఏది? సంస్కృతి అనగానే పట్టుచీర, ముగ్గు, మల్లెపూలు అతికించేస్తాం. అవి ఎవరింటివి? నాట్లు వేసే కూలి తల్లికి నడుముకు చెక్కిన చీర కొంగు, బీడీలు చుట్టే అక్కకు తునికాకు, ముస్లిం చెల్లెలికి వాళ్ల నాన్నమ్మ ఉర్దూ ఉత్తరం వారసత్వం కావా? ఒకరి ముక్కనే అందరి సంస్కృతిగా చూపించడం కూడా అణచివేతే. పొలం పట్టాలో మన పేరుండదు. పెళ్లితో ఇంటిపేరు మారుతుంది. కనీసం ఈ అట్టమీద ఏ ముక్క ఎక్కడుండాలో మనం నిర్ణయించుకోవచ్చు.

మధ్యాహ్నం అందరం కూర్చుని అతికిద్దాం. మీవైన ముక్కలే తెచ్చుకోండి. తర్వాత వీటిని ప్రదర్శనకు పెడితే పేరు వేయమని, అమ్మితే డబ్బు చేసినవాళ్లకే ఇవ్వమని అడుగుదాం. బొమ్మ పూర్తయ్యాక కింద సంతకం పెట్టండి. పుట్టింటి పేరా, అత్తింటి పేరా, ఏదీ లేకుండా మీ పేరొక్కటేనా అన్నది మీరే తేల్చుకోండి.