నగరమున నొక కూర్చుండుచోటు



మన గ్రామములందు మనసులోని మాట చెప్పుకొనుటకు రచ్చబండ కలదు. మహానగరమున నట్టి చోటును వెదకి సాధింపవలెను.

గతసంవత్సరము భార్యావియోగము పొందిన నా బాల్యమిత్రుని పరామర్శింప హైదరాబాదునకు పోయితిని. కోడలును మనుమలును తిరుగుచుండు రెండు గదుల యింట నాతడు నోరు విప్పలేకపోయెను. ఇరువురమును వీథిలోనికి వచ్చితిమి. మొదటి యంగడిలో నిలుచుండియే తేనీరు త్రాగవలెను. రెండవదానియందు సంగీతధ్వనిచే మాట వినబడదు. కప్పు దింపకమునుపే బిల్లు ముందు వ్రాలెను. తుదకు చార్మినారు చెంత నొక సందు మొగను పాత ఇరానీ హోటలు కనబడెను.

ఇరాను దేశమునుండి బొంబాయి మీదుగా వచ్చినవారు పూర్వము నెలకొల్పిన హోటళ్లివి. మూతవేసిన పాత్రలో తేయాకు కషాయము చాలసేపు మరగును; పాలు వేఱుగా చిక్కబడువఱకు కాగును; రెండును కప్పులోనే కలియును. ఆ తేనీటికే తొందర లేదు, త్రాగువానికేల? పాలరాతి బల్లయొద్ద ఉస్మానియా బిస్కత్తు తేనీట నద్దుకొనుచు మిత్రుడు గంటసేపు తన యిల్లాలిని గూర్చి చెప్పెను. ఎవ్వరును మమ్ము లెమ్మనలేదు.

అద్దెలును స్థలముల వెలలును పెరుగుటచే నిట్టి హోటళ్లు పెక్కు మూతపడినవి. ఒక్క కప్పుతో గంట గడపు మనబోంటివారివలన యజమానికి లాభము స్వల్పము. కావున నగరమునకు పోయినప్పు డచ్చట కూర్చుండుడు. లేచుటకు ముందు రెండవ కప్పు పుచ్చుకొనుడు. అది యా చోటునకు మన మిచ్చు నద్దె యని తలంపుడు.