తాకినను పలుకని అద్దము



పూర్వము ఊరికి ఉత్తరము వచ్చినచో, చదివి చెప్పుమని గ్రంథాలయమునకు తెచ్చెడివారు. ఆ పని నేడు చాలవరకు తగ్గినది. దానికి మారుగా అంగీ జేబునుండి ఫోను తీసి పఠన బల్లమీద పెట్టి, "ఇది పలకడం లేదప్పా, కాస్త చూడు" అనువారు వచ్చుచున్నారు. రజతోత్సవ సభలో ప్రసంగింపదగినంత గొప్ప విషయమా యిది అని పెద్దలు తలంపవచ్చును. కాని బ్యాంకులో పడిన పైకము, పంట నమోదు కబురు, బెంగుళూరులో కూలికి పోయిన కుమారుని కంఠము, అన్నియు ఆ జానెడు అద్దములోనికే చేరినవి. అది మొరాయించిన నాడు రైతు సాధారణముగా చేయు పని యొకటే: ప్రక్కవాని చేతికిచ్చి, రహస్యసంఖ్యను నోట చెప్పుట. దానివలన రాగల నష్టము అద్దము పగిలిన నష్టముకంటె పెద్దది.

వ్రేలితో తాకి యంత్రమును నడపు ఆలోచన క్రొత్తది కాదు. 1965లోనే ఇంగ్లండునందలి మాల్వెర్న్ రాడార్ పరిశోధనాలయమున ఇ.ఎ. జాన్సన్ అను ఇంజనీరు అట్టి తెరను వర్ణించి ప్రకటించెను. విమానముల రాకపోకలను అదుపుచేయువారికి అది ఉపకరించునని ఆయన ఉద్దేశము. 2007లో ఐఫోను వెలువడిన పిదప ఆ పద్ధతి జేబు ఫోనులలో ప్రబలినది.

దాని లోగుట్టు తెలిసినచో సగము తికమక తీరును. గాజు క్రింద, కంటికి కనబడని పల్చని పూత యుండును. ఇండియం టిన్ ఆక్సైడు అను, వెలుగును పోనిచ్చుచు విద్యుత్తును కూడ ప్రవహింపజేయు పదార్థముతో దానిని తరచుగా చేయుదురు. చేనిలో నిలువు సాళ్ళు, అడ్డసాళ్ళు తీసినట్లు ఆ పూత గీతలుగా నుండును. ఆ గీతలయందు స్వల్పమైన విద్యుదావేశము నిలిచియుండును. మనుష్య దేహము ఉప్పునీటితో నిండినది గనుక విద్యుత్తునకు దారి యిచ్చును. వ్రేలు సమీపించినచోట ఆ ఆవేశము కొంచెము మారును. ఏ సాలు ఏ సాలును దాటుచోట మారినదో లోపలి చిప్పు లెక్కగట్టి, తాకిన తావును తెలిసికొనును. అనగా ఈ అద్దము నొక్కుడును కొలుచుట లేదు. గోటితో పొడిచినను, పుల్లతో గీచినను అది కదలకుండుట అందువలననే. కోపముతో బలముగా గ్రుద్దినచో గాజు చిట్లునేమో కాని పని జరుగదు.

ఇచట ఈ నేల సంగతి చెప్పవలసియున్నది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు పీఠభూమి యిది. గాలి పొడి, మన్ను పొడి. వేరుశనగ పెరికి, కట్టె దులిపి, కాయ వలిచి, పార పట్టిన చేతులకు వ్రేలి కొనలయందు కాయలు కాచియుండును. కాయ కాచిన చర్మము చచ్చిన చర్మము. తడి లేనిది, మందమైనది. దానిగుండా విద్యుత్ జాడ అద్దమునకు అందుట కష్టము. బడికి పోవు మనుమరాలు తాకిన తక్షణమే తెరచుకొను ఫోను తాతగారు తాకినప్పుడు ఊరకుండును. "నాకు చదువు రాదు గదా, దానికి తెలుసు" అని తాత నవ్వి ఊరుకొనును. ఆ నవ్వు వెనుక సిగ్గు కలదు. కాని అద్దమునకు ఎవరి చదువు సంగతియు తెలియదు.

దీనికి మందు సులభము. చేయి కడిగి, తుండుతో అద్ది, కొద్దిగా చెమ్మ నిలిచియుండగా తాకవలెను. వ్రేలి మొనను గాక మెత్తని భాగమును పరచి ఆనించవలెను. కాయలు తక్కువగా నుండు ఉంగరపు వ్రేలితోనో, ఎడమచేతి వ్రేలితోనో ప్రయత్నింపవచ్చును. కొన్ని ఫోనులలో తాకుడు సున్నితత్వమును పెంచు అమరిక యున్నది. వేలిముద్ర పడకపోవుట మాత్రము వేరు చిక్కు. అచట అరిగిపోయిన గీతలు కారణము కావచ్చును. ఆధార్ గుర్తింపునకు కనుపాప, ముఖము అను మార్గములును కలవు. రెండింటిని కలిపి తికమకపడరాదు.

మనుమరాలి వ్రేలికిని పలుకనిచో, అప్పుడు దోషమును అద్దమునందు వెదకవలెను. మొదట ఛార్జరు తీగను ఊడదీయుడు. నాసిరకపు ఛార్జరు విద్యుత్తులో కలతను పుట్టించి, ఎవరును తాకకున్నను తాకినట్లు తెరను గంతులు వేయించును; దయ్యము పట్టినదను మాట చాలసార్లు దీనివలన పుట్టినదే. పిదప మెత్తని పొడిగుడ్డతో దుమ్మును, నూనె జిడ్డును తుడువవలెను. నీటి బొట్టును సైతము అద్దము వ్రేలని భ్రమించును. పైన అంటించిన రక్షణ గాజు మందమైనదైనను, దాని క్రింద గాలి చొరబడినను, దానిని తీసి చూడవలెను.

ఎండ సంగతి మరువరాదు. ఆపిల్ సంస్థ తన ఫోనులను 0 నుండి 35 డిగ్రీల వాతావరణములో వాడవలెనని చెప్పుచున్నది. ఈ సీమ వేసవి 40 డిగ్రీలను దాటును. గట్టుమీద ఎండలో పెట్టిన ఫోను మొద్దుబారినచో నీడన చల్లారనీయవలెను. చల్లని పెట్టెలో పెట్టినచో లోపల తేమ పేరుకొనును. తడిసిన ఫోనును బియ్యములో పూడ్చుటయు మంచిది కాదు. సన్నని నూక రంధ్రములలో చేరి హాని చేయవచ్చునని అదే సంస్థ 2024లో తెలిపినది.

ఇవి చాలనిచో ఫోనును ఆపి మరల నడపవలెను. తెర మొద్దుబారినప్పుడు ప్రక్క మీటను, తయారీనిబట్టి శబ్దము తగ్గించు మీటను కూడ కలిపి, పది ఇరువది సెకనులు పట్టియుంచిన అది తిరిగి మొదలగును. ఇందువలన దాచుకొన్న దేదియు పోదు. తరువాత ఒక బొమ్మను వ్రేలితో పట్టి తెర అంతట ఈడ్చి చూడవలెను. ఎల్లప్పుడు ఒకే పట్టీలో చేయి జారిపోవుచున్నచో అచటి గీతలు తెగినవని తలంపవచ్చును. అది మరమ్మతుకే పోవలెను. అద్దము అంచున పైకి లేచినచో బ్యాటరీ ఉబ్బినదేమో చూడవలెను. ఉబ్బిన బ్యాటరీని నొక్కరాదు, గ్రుచ్చరాదు, ఛార్జింగు పెట్టరాదు. నిప్పంటుకొను ప్రమాదము కలదు.

కదిరికో పుట్టపర్తికో మరమ్మతుకు పోవుటకు ముందు చేయవలసిన పని యింకొకటి యున్నది. దుకాణములలో తేలిక మార్గముగా లోపలి దంతయు తుడిచివేసి మరల మొదటి స్థితికి తెచ్చుట కలదు. దానితో ఛాయాచిత్రములు, పేర్ల పట్టిక సర్వము పోవును. పిమ్మట ఫోను పాత గూగుల్ ఖాతా సంకేతపదము నడుగును. అది ఎరుగనిచో అద్దము బాగైనను తలుపు తెరచుకొనదు. తెర చచ్చినను బొమ్మ కనబడుచున్నంతవరకు, ఓటీజీ అను చిన్న ముక్కను తగిలించి, కంప్యూటరు మౌసును కలిపినచో, బాణపు గుర్తు వచ్చును. యజమాని తన రహస్యసంఖ్యను తానే కొట్టుకొని, కావలసిన వానిని వేరొకచోట దాచుకొనవచ్చును. కొన్ని తయారీలలో మాత్రము దీనిని ముందే అమరికలలో అనుమతించి యుంచవలెను. ఓటీజీ ముక్క, మౌసు కలిసి ఒక పుస్తకమంత చోటు కూడ పట్టవు. ఈ గ్రంథాలయపు బల్ల సొరుగులో వానిని ఉంచుటకు కార్యవర్గము పూనుకొనినచో, తాతగారు సంఖ్య చెప్పుటకు పరుల చెవిని వెదుకనక్కరలేదు.