ప్లగ్గు క్యాపు బిగించుట
(తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)



ప్రతి యేట ఈ సభలో మేము పరీక్షా ఫలితములను గూర్చియే మాట్లాడుచు వచ్చితిమి. ఈసారి మోటారు సైకిలును గూర్చి రెండు మాటలు చెప్పదలచితిమి. మీలో కొందరు నేటికిని పాత జావా, యెజ్డీ బండ్లమీదనే పిల్లలను బడికి తెచ్చుచున్నారు. వానిని చేసిన మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారము 1961లో పని ప్రారంభించి 1996లో మూతపడినది. కనుక ఆ బండ్లన్నియు వయసు మీరినవే.

వానకాలమున ఇవి దారిలో ఆగుటయు, పిల్లలు మొదటి గంట తప్పుటయు మా హాజరు పట్టీలో కనబడుచునే యున్నవి. బండి ఆగినంతనే అందరును కార్బురేటరును అనుమానింతురు. పెక్కుసారులు లోపము ప్లగ్గు క్యాపులో, తీగ కొసయందు దాగియుండును.

పాత బండ్ల బ్యాటరీ 6 వోల్టులదే. పాయింట్లు విడిపోయినప్పుడు కాయిలులో వేల వోల్టుల ఒత్తిడి పుట్టి, లావుపాటి వైరు గుండా ప్లగ్గునకు చేరును. ఆ వైరును క్యాపుతో కలుపునది క్యాపు లోపలి చిన్న మరమేకు మాత్రమే. ప్లగ్గు తీయునప్పుడు క్యాపును పట్టక వైరును పట్టి లాగుట మనవారికి అలవాటు. అందుచే ఆ పట్టు సడలును. చెమ్మ చేరి రాగి పోగులు పచ్చబారును.

దీనిని సరిచేయుటకు ఇంజను ఆపి, తాళము తీసి, వేడి తగ్గనీయవలెను. క్యాపును ఎడమకు త్రిప్పిన ఊడి వచ్చును. పాడైన కొసను పావు అంగుళము మేర పదునైన బ్లేడుతో నిలువుగా, చదునుగా కోయవలెను. వైరు పొట్టిదై చాలనిచో క్రొత్త వైరు వేయించుటయే మేలు. రబ్బరు తొడుగు ఉన్నచో దానిని ముందుగనే వైరుకు ఎక్కింపవలెను. మరచినవారు మరల విప్పవలసి వచ్చును! పిమ్మట మరమేకు మొనను రాగి పోగుల నడుమ నుంచి, గడియారపు ముల్లు తిరుగు దిక్కున ఆగువరకు త్రిప్పవలెను. త్రిప్పక బలముగా నొక్కినచో పోగులు ప్రక్కకు వంగును. కర్బన దారము గల కార్ల వైరు దీనికి పనికిరాదు. మరమేకునకు అందు పట్టు దొరకదు. పైన టేపు చుట్టుట మరమ్మతు కానే కాదు.

కొన్ని క్యాపులపై 5 కిలో ఓములని వ్రాసియుండును. అది రేడియోలో గరగర రాకుండుటకు ఉంచిన నిరోధకము, లోపము కాదు. రాత్రివేళ ఇంజను నడుచుచుండగా క్యాపు వెలుపల నీలి మెరుపు కనబడినచో క్యాపు పగిలినదని తెలియవలెను. అప్పుడు దానిని మార్చవలసినదే. నడుచుచున్న బండి క్యాపును చేతితో తాకరాదు.

బడికి పంపినది చేతులు మసిచేసికొనుటకా యని చేతిపని గంటను గూర్చి కొందరు మమ్ము అడిగినారు. విద్యుత్ప్రేరణ పాఠమును నల్లబల్లపై విన్న పిల్లలకంటె, ఈ క్యాపును విప్పి చూచిన పిల్లలే దానిని చక్కగా చెప్పుచున్నారు. తెలుగులో నేర్చినదానిని గ్యారేజీలో కన్నడములో అడిగి తెలిసికొనుటయు వారికి రావలెను. బాలికలను ఈ పనికి దూరముగా నుంచుటకు మేము అంగీకరింపము.

వచ్చు శనివారము పాత బండ్లు గలవారు వానిని బడి వెనుక వేపచెట్టు క్రింద నిలుపుడు. తొమ్మిదవ తరగతి పిల్లలు క్యాపులు విప్పి, పరీక్షించి, బిగించెదరు. బ్లేడు మాత్రము మా చేతిలోనే యుండును.