స్తంభం ఎక్కేది మన పిల్లలే, పర్మిటు ఎవరిది?

(పదో తరగతి ఫలితాలు వచ్చినంక వాడలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో ఒక ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)



కరెంటు పని నేర్చుకునే సంగతి చెప్పమని నన్ను పిలిచిన్రు. చెప్పేముందు ఒక మాట తేల్చుకోవాలె. ఇందాక ఒక అన్న అడిగిండు: "సారూ, నువ్వు డిగ్రీ చదివి నౌకరి చేస్తివి. మా పిల్లల చేతికి మాత్రం పానా, కటింగ్ ప్లేరు ఇస్తవా?" అడగవలసిన మాటే. మన పిల్లలు చేతి పనికి తప్ప చదువుకు పనికిరారని చెప్పేవాళ్లు ఊరినిండ ఉన్నరు. నేను వాళ్ల మాట మోసుకురాలేదు. చదవాలని పట్టుదల ఉన్న పిల్లగాన్ని గాని, పిల్లను గాని ఇంటర్ మాన్పించి ఐటిఐలో వేస్తే నేనే వచ్చి మీతో కొట్లాడుత. నేను మాట్లాడేది ఇప్పటికే కరెంటు పనిలో ఉన్న మన పిల్లల గురించి. పని ఉన్నది, చేతిలో కాగితం లేదు.

రాత్రిపూట ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఫ్యూజు పోతే ఏమైతది? లైన్‌మన్‌కు ఎన్నో ఊర్లు. ఆయన ఫోన్ చేసి "అరే, జర పొయ్యి ఫ్యూజు వెయ్యిరా" అంటడు. మన పిల్లగాడు కాళ్లకు చెప్పులు కూడ లేకుంట పోతడు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కు పైనుంచి వచ్చేది 11 వేల వోల్టులు. కిందికి దిగేది మూడు ఫేజుల మీద 433. మన ఇంట్ల బల్బుకు వచ్చే 230 వోల్టులే మనిషిని చంపుతయి. ఏ.బి. స్విచ్ దించితే కరెంటు పోయిందని పిల్లగాడు అనుకుంటడు. ఆ స్విచ్‌కు మూడు బ్లేడ్లు ఉంటయి. తుప్పు పట్టి ఒక బ్లేడు విడవకపోతే ఆ తీగెలో కరెంటు అట్లనే ఉంటది. అందుకే సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకోవాలె, డిశ్చార్జి రాడ్ తగిలించి ఎర్త్ చెయ్యాలె, చేతులకు రబ్బరు తొడుగులుండాలె. పిల్లగానికి ఇవన్ని ఎవరు చెప్పిన్రు? చాయ తాగిచ్చి యాభై రూపాయలు చేతిల పెడితే అయిపాయె.

పానం పోతే అప్పుడు లెక్క మొదలైతది. "వాన్ని ఎవరు ఎక్కమన్నరు?" అంటరు. పని చేస్తుండగా కూలి మనిషి చచ్చిపోతే యజమాని పరిహారం ఇయ్యాలని 1923 నుంచి చట్టం ఉన్నది. కాని ఈ పిల్లగాని యజమాని ఎవరు? కరెంటు సంస్థ మా మనిషి కాదంటది. లైన్‌మన్ నేను పంపలేదంటడు. రిజిస్టర్ల పేరు లేదు, కూలి చీటి లేదు. తల్లి ఆఫీసుల చుట్టు తిరుగుతది.

మన తాతల సంగతి యాది చేసుకోండ్రి. కరెంటు మోటర్లు రాకముందు బాయిల మీద మోట కొట్టేది. మోటకు తోలు బొక్కెన, తోలు తొండం ఉండేవి. వాటిని కుట్టింది మన వాళ్లు. పచ్చి తోలును సున్నంల వేసి, తంగేడు చెక్కతో లందల ఊనబెట్టి, నీళ్లు కారకుంట కుట్టుడు చిన్న విద్య కాదు. మోట లేకుంటే బాయి కింద మడి లేదు. అయినా దానికి విద్య అని పేరు పెట్టలేదు, మైల అని పెట్టిన్రు. కల్లం కాడ కుంచెడు గింజలు కొలిచి పంపిన్రు. తర్వాత కరెంటు మోటరు వచ్చింది, మోట మూలకు పడ్డది. బాయి ఉన్నోడు మోటరు కొన్నడు. కాయిల్ చుట్టే షాపు పెట్టుబడి ఉన్నోడు పెట్టిండు. తొండం కుట్టినోడు కైకిలికి పోయిండు. నీళ్లు తోడే పని అదే, సాధనం మారంగనే మనం బయటపడ్డం. దీని గురించి ఎవరూ పుస్తకం రాయరు గాని, మన వాడలో ముసలోళ్లను అడిగితే చెప్తరు.

కూలి ఎక్కువొచ్చే పనికి తలుపు ఎట్ల మూస్తరో బొంబాయి బట్టల మిల్లులు చూపించినయి. అక్కడ నేత ఖాతాలో సంపాదన ఎక్కువ. కండె మార్చినప్పుడల్ల దారపు కొసను షటిల్ కన్నంలోంచి నోటితో పీల్చి లాగాలె. అంటరానోళ్ల ఎంగిలి తగులుతదని చెప్పి మనవాళ్లను ఆ ఖాతాలోకి రానియ్యలేదు. యజమానుల సంగతి అటుంచండ్రి, తోటి కార్మికులే అడ్డుపడ్డరు. 1928 సమ్మె కాలంలో బాబాసాహెబ్ ఈ సంగతిని బయటపెట్టి అడిగిండు. ఆయనే 1942 నుంచి 1946 దాక వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక సభ్యునిగ ఉన్నడు. దేశంల కరెంటు ఉత్పత్తి వ్యవహారం కూడ ఆ శాఖ కిందనే ఉండె. విగ్రహం పెట్టుకున్నం గాని ఆయన ఈ పని మనలో ఎందరికి తెలుసు?

కరెంటు పనికి ఇంకా కులపోడు పుట్టలేదు. వడ్రంగానికి, కమ్మరానికి, కంసాలి పనికి కులాలున్నయి, ఇది కొత్తది. అయితే కులం పూర్తిగ పోయిందని కాదు. ఫ్యాను బిగించాలంటే నడింట్లకు పోవాలె, మిక్సీ ప్లగ్గు పెట్టాలంటే వంటింట్లకు పోవాలె. నేను చదువు చెప్పిన పిల్లగాడు ఒకడు మండలంల వైరింగు చేస్తడు. ఒక ఇంట్ల పని మొత్తం ఇతనితో చేయించుకుని, దేవుని అర్రల హోల్డరు మాత్రం ఇంకొకన్ని పిలిచి పెట్టించుకున్నరు. ఇతను ఆ పాయింటుకు కూడ పైసలు లెక్క గట్టి బిల్లు రాసి ఇచ్చిండు. తీగె గోడలోంచి లాగింది తనేనాయె! ఇచ్చిన్రు, ఇయ్యకేం చేస్తరు.

ఇగ కాగితం సంగతి. కొత్త వైరింగు పనిని లైసెన్సున్న కాంట్రాక్టరు ద్వారా, సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ చూస్తుండగా, పర్మిటున్న మనిషి చెయ్యాలె. 1956 విద్యుత్ నిబంధనల్లో 45వది ఇదే. 2023లో కేంద్రం తెచ్చిన భద్రతా నిబంధనల్లో కూడ ఈ షరతు ఉన్నది. ఈ పర్మిట్లు, లైసెన్సులు ఇచ్చేది చీఫ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ శాఖ కింద ఉండే లైసెన్సింగ్ బోర్డు. వైర్‌మన్ పర్మిటు, దాని మీద సూపర్‌వైజర్ సర్టిఫికెట్, ఆ పైన కాంట్రాక్టరు లైసెన్సు. బడి కట్టినా, హాస్టలు కట్టినా వైరింగు బిల్లు ఎత్తేది లైసెన్సున్నోడు. గోడలు కొట్టి పైపులేసేది మనోడు, హెల్పర్ అని దినకూలి తీసుకుంటడు. పదేండ్లు చేసినా హెల్పరే.

దారి ఏందంటే, పదో తరగతి పాసైనోళ్లకు ఐటిఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేండ్లు. సర్కారు ఐటిఐ మొదట చూడండ్రి, కోటా సీట్లున్నయి. ప్రైవేటు ఐటిఐలో చేర్చే ముందు వర్క్‌షాపులకు పోయి చూడండ్రి. మోటరు ఊడదీసి ఉన్నదా, పిల్లల చేతులకు గ్రీజు అంటిందా, లేక తాళం వేసి ఉన్నదా? మన స్కాలర్‌షిప్పు కోసమే బోర్డు కట్టినవి కొన్ని ఉన్నయి, సర్టిఫికెట్ వస్తది, పని రాదు.

ఐటిఐ అయినంక ఇంట్ల కూచోవద్దు, అప్రెంటిస్ చెయ్యాలె. 1961 అప్రెంటిస్ చట్టంలో 1973లో 3-ఎ సెక్షన్ చేర్చిన్రు. దాని ప్రకారం శిక్షణ సీట్లల్ల ఎస్సీ, ఎస్టీలకు వాటా ఉన్నది. 2019 నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి పనివాళ్లున్న సంస్థ అప్రెంటిస్‌లను తీసుకోక తప్పదు. నెలనెల స్టైపెండు ఇస్తరు. అప్రెంటిస్ అయినంక నౌకరి ఇయ్యాలని మాత్రం చట్టంల లేదు, ఆ ఆశ చూపి పైసలడిగేటోళ్లను నమ్మొద్దు. కట్టడాల కాడ పనిచేసే వైర్‌మన్‌లు భవన నిర్మాణ కార్మికునిగ పేరు రాయించుకోవచ్చు, ఏడాదిల 90 రోజులు పనిచేసి ఉండాలె. గల్ఫ్ పోయేటోళ్లకు ఒక్క మాట: వీసా మీద ఎలక్ట్రీషియన్ అని ఉన్నదా, హెల్పర్ అని ఉన్నదా చదివించుకుని పొండ్రి. జీతం తేడా అక్కడనే ఉంటది.

ఆడపిల్లలు ఈ మాటలు మావి కాదనుకుంటున్నరు, చూస్తున్న. 2019లో తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ జూనియర్ లైన్‌మన్ పోస్టులకు ఆడవాళ్లను దరఖాస్తే పెట్టుకోనియ్యలేదు. వాళ్లు హైకోర్టుకు పోయిన్రు. కోర్టు చెప్పినంక స్తంభం ఎక్కే పరీక్ష పెట్టిన్రు. సిద్దిపేట జిల్లా బబ్బూరి శిరీష ఎక్కి చూపించింది, నౌకరిల చేరింది. చీర కట్టుకుని కల్లు మండువ కాడ పంచాయితీ చెప్పే మన అవ్వలకు స్తంభం ఒక లెక్కా?

ఇయ్యాల్టి నుంచి ఒక కట్టుబాటు చేసుకుందాం. లైన్ క్లియర్ తీసుకున్నట్టు లైన్‌మన్ తనే వచ్చి, స్తంభం కింద నిలబడి చెప్తే తప్ప మన వాడ పిల్లగాడు ఎవ్వడూ ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కొద్దు. చెప్పినా సరే, తాడు, తొడుగులు లేకుంటే ఎక్కొద్దు. ఊరంత చీకట్ల ఉంటే ఉండనియ్యండ్రి. పటేల్ తిడితే నా పేరు చెప్పండ్రి.

ఆదివారం పొద్దున అంబేద్కర్ విగ్రహం కాడ నేను, ఇంకో ఇద్దరు పంతుళ్లు కూచుంటం. పదో తరగతి మెమో, టి.సి., కులం కాగితం, ఆదాయం కాగితం, ఆధార్, బ్యాంకు పుస్తకం తెచ్చుకోండ్రి. ఫారాలు మేము నింపుతం, పైసలు ఎవ్వరికీ ఇయ్యొద్దు. పది ఫెయిలైన పిల్లలను కూడ పట్టుకరాండ్రి, వైర్‌మన్ ట్రేడుకు ఎనిమిది పాసైతే చాలు.