కాలేయానికి పాకిన పేగు క్యాన్సర్ - ఆపరేషన్, ఆయుష్షు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ఉర్దూ మీడియం పాఠశాలలో పిల్లలకు లెక్కలు చెప్పుకునే ఉపాధ్యాయుణ్ణి. అయినా ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం ఉంది. పెద్దపేగులో పుట్టిన క్యాన్సర్ "లివరుకు పాకింది" అని వినగానే మన ఇళ్ళలో "ఇంక అయిపోయినట్టే" అంటారు. ఆ మాట అన్నివేళలా నిజం కాదు. ఇదే నేను చెప్పదలచినది.

ఉర్దూలో కాలేయాన్ని జిగర్ అంటాం. ధైర్యానికీ అదే మాట. ఆ అవయవం అందుకు తగినదే. పేగుల నుంచి వచ్చే రక్తం చాలావరకు పోర్టల్ సిర అనే నాళం గుండా ముందుగా కాలేయానికే చేరుతుంది. పేగులోని గడ్డ నుంచి విడిపోయిన కణాలు ఆ దారినే పోయి అక్కడ నాటుకుంటాయి. కొందరిలో జబ్బు చాలాకాలం అక్కడికే ఆగి ఉంటుంది. ఆపరేషన్‌కు అవకాశం అందువల్లనే.

ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో నూటికి డెబ్బై పాళ్ళ దాకా కోసి తీసినా, మిగిలింది మళ్ళీ పెరిగి పని అందుకుంటుంది. మిగిలేది చాలదనుకుంటే, తీయబోయే వైపు సిరను ముందుగా మూసివేసి, రెండో వైపు పెరిగేదాకా కొన్ని వారాలు ఆగుతారు. గడ్డలు పెద్దవైతే ముందు కీమోథెరపీ మందులతో కుదించి, ఆపైన కోస్తారు. ఆపరేషన్‌కు పనికిరారన్న రోగుల్లో కొందరిని ఇలా ఆపరేషన్ దాకా తేవచ్చని ఫ్రాన్సులోని పాల్ బ్రూస్ ఆసుపత్రి వైద్యులు 1996లో చూపించారు. గడ్డలు ఎన్ని అన్నదొక్కటే కాదు, అన్నీ తీశాక ఎంత కాలేయం మిగులుతుంది అన్నది ఈనాడు ముఖ్యమైన ప్రశ్న.

ఇప్పుడు లెక్క చూద్దాం. న్యూయార్కులోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో 1985 నుంచి 1994 వరకు ఈ ఆపరేషన్ అయిన 612 మంది వివరాలు 2007లో ప్రచురించారు. వారిలో పదేళ్ళు బతికినవారు 102 మంది. అంటే ఆరుగురిలో ఒకరు. తక్కువే కదా అంటారేమో. మందులతోనే సరిపెట్టినవారిలో అంతకాలం బతికేవారు బహు అరుదు. ఈ రోజుల్లో ఆపరేషన్‌కు తగినవారని ఎంచినవారిలో, నూటికి నలభై నుంచి యాభైమంది దాకా అయిదేళ్ళు దాటుతున్నారు.

రెండో వైపు కూడా చెప్పకపోతే లెక్క తప్పుతుంది. కాలేయానికి పాకినవారిలో మొదట్లోనే ఆపరేషన్‌కు వీలయ్యేవారు సుమారు అయిదుగురిలో ఒకరే. ఆపరేషన్ అయినవారిలోనూ సగానికి పైగా మందికి జబ్బు తిరగబెడుతుంది. కొందరికి రెండోసారి కోయవచ్చు, అందరికీ కాదు. కాబట్టి ఇల్లూ వాకిలీ అమ్ముకొని పరిగెత్తమని నేను అనడం లేదు. అడగకుండానే ఆశ వదులుకోవద్దని మాత్రం అంటున్నాను.

మా పాఠశాలలో ఒక కుర్రవాడి తండ్రికి ఇదే జబ్బు వచ్చింది. బంధువులందరూ కూర్చుని, ఇంక డబ్బు తగలెయ్యడం దేనికని తీర్మానించేశారు. కాలేయం ఆపరేషన్లు చేసే సర్జన్‌కు ఆ స్కానింగు ఫిలిములు ఎవరూ చూపించనే లేదు. ఆయన వీలుకాదని ఉండవచ్చు, వీలవుతుందనీ ఉండవచ్చు. ఆ తీర్పు మాత్రం చుట్టాలు చెప్పవలసింది కాదు.

అటువంటి సమయం ఎవరికైనా వస్తే మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకొని వెళ్ళండి. ఈ గడ్డలన్నీ తీయడానికి వీలుందా? ఇప్పుడు లేకపోతే మందుల తర్వాత వీలవుతుందా? తీస్తే మిగిలే కాలేయం సరిపోతుందా? జవాబు కాదనే వచ్చినా, అడిగి తెలుసుకున్నామన్న నిబ్బరం ఇంటిల్లిపాదికీ ఉంటుంది.

చివరిగా ఒక మనవి. మలంలో రక్తం పడితే మొలలేలే అని సిగ్గుపడి దాచవద్దు. ఆడవాళ్ళు మరీ దాస్తారు. పేగులో ఉండగానే పట్టుకుంటే నేను చెప్పిన ఈ లెక్కలతో పనే ఉండకపోవచ్చు.