బస్తీ ఆరోగ్యానికి చిన్న గ్రాంటు ఏం చేయగలదు?

దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మారకోపన్యాసం



దుర్గాబాయి గారి పేరు వినగానే ఆంధ్ర మహిళా సభ, రాజ్యాంగ సభ గుర్తుకొస్తాయి. ఈరోజు ఆవిడ చేసిన మరో పనిని తలచుకోవాలనుకుంటున్నాను. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు ఆవిడే తొలి అధ్యక్షురాలు. స్త్రీలకు, పిల్లలకు సేవ చేసే స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇవ్వడం ఆ బోర్డు ప్రధాన బాధ్యతల్లో ఒకటి. జనం మధ్య ఉండి పనిచేసేవాళ్లను నమ్మి, ప్రభుత్వ సొమ్మును వాళ్ల చేతికివ్వడం ఆ పద్ధతికి ప్రాణం. నగరాల్లోని పేదల ఆరోగ్యం విషయంలో ఆ నమ్మకం మనకెంత ఉందన్నదే నా ప్రశ్న.

జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్‌ను కేంద్రం 2013లో ఆమోదించింది. దాని మార్గదర్శకాల ప్రకారం బస్తీలో 50 నుంచి 100 ఇళ్లకు ఒక మహిళా ఆరోగ్య సమితి ఉండాలి. ఆశా కార్యకర్త దానికి సభ్య కార్యదర్శి. సమితికి ఏడాదికి 5,000 రూపాయల నిధి. పారిశుధ్యం, అత్యవసర వైద్యం వంటి అవసరాల్లో దేనికి ఎంత ఖర్చు పెట్టాలో సమితే నిర్ణయించుకోవచ్చు. 100 ఇళ్లున్న చోట లెక్కిస్తే ఇంటికి ఏడాదికి 50 రూపాయలు. ఇంత తక్కువతో ఏమవుతుందని అడిగేవారికి రెండు ఉదాహరణలు చెబుతాను.

నల్లా రోజూ రాని బస్తీలో డ్రముల్లో నీళ్లు పట్టి ఉంచుకోక తప్పదు. డెంగీని మోసే ఏడిస్ దోమ అలాంటి నిల్వ నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. ఎండాకాలం, వానాకాలం వేడిలో గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. ఆ దోమ సాధారణంగా పుట్టిన చోటి నుంచి కొన్ని వందల మీటర్లు దాటి పోదు. అంటే మన గల్లీలో పుట్టిన దోమ మన గల్లీ పిల్లలనే కుడుతుంది. వారానికోసారి డ్రములు ఖాళీ చేసి తోమాలి, మూత లేనివాటికి మూతలు కొనాలి. ఏ ఇంటి డ్రముకు మూత లేదో కార్పొరేషన్ ఆఫీసుకు తెలియదు, ఎదురింటి అక్కకు తెలుసు. ఆ అక్క చేతిలో డబ్బుంటే పని ఆ వారమే అవుతుంది.

రెండోది నీళ్ల సంగతి. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో మంచినీళ్లలో మురుగు కలిసి, ఆ నీళ్లు తాగినవారిలో పలువురు ప్రాణాలు కోల్పోయారు. పాత పైపులు మార్చడం ఐదు వేలతో తెమిలే పని కాదు, అది జలమండలి బాధ్యత. అయితే హెచ్‌టూఎస్ పరీక్ష సీసాలు సమితి కొనుక్కోగలదు. వాటిలో నల్లా నీళ్లు పట్టి ఒకటి రెండు రోజులు ఉంచినప్పుడు ఆ నీళ్లు నల్లబడితే మురుగు కలిసిందని అనుమానించి ల్యాబ్ పరీక్షకు పట్టుబట్టవచ్చు. ఇంటి నంబరు, తేదీ రాసిన సీసాలతో పదిమంది ఆడవాళ్లు వెళ్లి నిలబడితే ఆ ఫిర్యాదును తోసిపుచ్చడం ఏ అధికారికీ అంత తేలిక కాదు.

చిన్న గ్రాంటు విలువ నాకు ఇక్కడే కనిపిస్తుంది. బస్తీ చేసుకోగలిగిన పని దానితో జరుగుతుంది. చేసుకోలేని పనిని, చేయవలసినవారి చేత చేయించే బలం దానితో వస్తుంది. సమితులు ఉన్నాయి కదా అని పైపులు, మోరీలు, డాక్టర్లు, మందుల మీద ఖర్చు తగ్గిస్తే మాత్రం అది బస్తీకి చేసే ద్రోహం. హైదరాబాద్‌లో 2018 నుంచి బస్తీ దవాఖానాలు వచ్చాయి. జ్వరం వచ్చాక వెళ్లడానికి అవి కావాలి, జ్వరం రాకుండా చూసుకోవడానికి సమితులు కావాలి.

అందుకే నేను కోరేవి మూడు. నిధి వానలకు ముందే సమితి ఖాతాలో పడాలి. దోమల కాలం దాటాక వచ్చిన డబ్బుతో డెంగీ ఆగదు. ధరలు పెరిగినకొద్దీ నిధి పెరగాలి. లెక్కలు తెలుగులోనో ఉర్దూలోనో ఒక్క పేజీలో రాసి, అద్దెకుండేవాళ్లను, వలస కూలీలను కూడా కూర్చోబెట్టి బస్తీ సమావేశంలో చదివి వినిపించాలి. ఐదు వేలకు పది కాగితాలు అడిగే చోట ఆడవాళ్లు ఖర్చు చేయడానికే భయపడతారు. ఇరుగుపొరుగు ముందు లెక్క చెప్పడాన్ని మించిన ఆడిట్ లేదు.

దుర్గాబాయి గారి స్మృతికి మనం ఇవ్వగల గౌరవం, జనాన్ని నమ్మి వేళకు డబ్బివ్వడమే. ఈ సభలో ఉన్న అధికారులు వచ్చే వానాకాలం నుంచే ఆ పని మొదలుపెట్టాలని కోరుతున్నాను.