ముందు కట్టేవాళ్ళా, ముందు వాడేవాళ్ళా?

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, సోలాపూరు, భివండి, సేలం, దొడ్డబళ్ళాపురం, యానాం నుంచి రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు బరంపురం సొసైటీ తరఫున నమస్కారాలు.

మాది ఎనిమిదో తరగతి చదువు. బ్లాక్‌చెయిన్ గురించి మాట్లాడమని కార్యవర్గం వారు అడిగితే "చదువుకున్న పిల్లలు ఇంతమంది ఉండగా మేమెందుకండీ" అన్నాం. "పిల్లలు చెబితే పిల్లలకే అర్థమవుతోంది, మీరు చెప్పండి" అన్నారు. సరే, మన కుర్రాళ్ళ దగ్గర కూర్చుని, అడిగిందే పదిసార్లు అడిగి తెలుసుకున్నంత మటుకు చెబుతాం.

విషయం మీకందరికీ తెలిసిందే. మనం పది రోజులు నేసిన చీర అంచును పవర్‌లూమ్ వాడు ఒక్క పూటలో దింపేస్తున్నాడు, చేనేత అనే పేరుతోనే అమ్ముతున్నాడు. అందుకని ప్రతి చీరకు ఒక గళ్ళ బొమ్మ కుట్టి, ఫోను చూపిస్తే ఏ ఊరు, ఏ మగ్గం, ఎన్ని రోజుల పని అన్నీ కనబడేటట్టు చేద్దామని మన ఇంజనీరు పిల్లలు ప్రతిపాదన తెచ్చారు. ఆ లెక్క బ్లాక్‌చెయిన్ మీద ఉంటుంది. అంటే ఏమిటి? మన సొసైటీ డే బుక్కు సెక్రటరీ బీరువాలో ఒక్కటే ఉంటుంది గదా. అదే పుస్తకం వెయ్యి మంది ఇళ్ళలో వెయ్యి నకళ్ళుగా ఉందనుకోండి. ఒకరు పేజీ చింపినా, అంకె దిద్దినా మిగతావాళ్ళ పుస్తకాలు ఒప్పుకోవు. సెక్రటరీలకు అంతగా నచ్చే ఏర్పాటు కాదు లెండి.

ఇంతవరకు గొడవ లేదు. గొడవ డబ్బు దగ్గర వచ్చింది. చీరకు ఇంత అని మన ఇళ్ళ నుంచి పోగేసిన మూలనిధిని దేనికి ఖర్చు పెట్టాలి? ఒక వర్గం, ముందు సాఫ్ట్‌వేర్ కట్టే డెవలపర్లను పిలుద్దాం, పోటీలు పెట్టి బహుమతులిద్దాం అంటోంది. ఇంకో వర్గం, ముందు వాడేవాళ్ళను చేర్పిద్దాం, చేరిన ప్రతి ఇంటికీ ఇన్ని డిజిటల్ నాణేలిస్తే జనం వాళ్ళే వస్తారు అంటోంది. వాడేవాళ్ళు లేనిదే కట్టేవాడు రాడు, కట్టింది లేనిదే వాడేవాడు రాడు. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు అన్నట్టుంది.

మన జకార్డును చూడండి. జకార్డు మగ్గాలు నాలుగైనా లేని ఊరికి పంచ్ కార్డులు కొట్టేవాడు వచ్చి కూర్చోడు. కార్డులు కొట్టేవాడు దగ్గర్లో లేకపోతే ఎవరూ జకార్డు బిగించుకోరు. మరి ఎట్లా మొదలవుతుంది? ఎవరో ఒక ఆసామి రెండు మగ్గాలు బిగించి, కార్డులు కొట్టేవాణ్ణి తన ఇంట్లోనే పెట్టుకుని అన్నం పెడతాడు. వాడు మగ్గం పక్కనే కూర్చుని, పోగు తప్పితే అప్పటికప్పుడు సరిచేస్తాడు. ఆ రెండు మగ్గాల గుడ్డ బజారులో ఆడితే తక్కినవి వాటంతటవే వస్తాయి.

బయటి ప్రపంచంలో ఇది ఎట్లా జరిగిందో పిల్లల్ని అడిగాం. బిట్‌కాయిన్ 2009లో మొదలైంది, అది ముఖ్యంగా డబ్బు లెక్క పుస్తకం. 2015 జులైలో ఎథీరియం వచ్చింది. విటాలిక్ బుటెరిన్ అనే కుర్రవాడు ఆ ఆలోచన కాగితం మీద పెట్టేనాటికి పంతొమ్మిదేళ్ళు. ఎవరైనా వచ్చి ఈ పుస్తకం మీద తమ పద్ధతి కట్టుకోవచ్చు అని వాళ్ళు కట్టేవాళ్ళకు తలుపు తీశారు. అందరికీ ఒకటే కొలత కూడా కుదుర్చుకున్నారు, దాని పేరు ఈఆర్‌సీ-20. ఫలానా నంబరు అచ్చు అంటే సేలంలోనైనా బరంపురంలోనైనా ఒకటే అర్థం కదా, అట్లాగే ఒకడు కట్టిన నాణెం ఇంకొకడు కట్టిన అంగట్లో మార్పు లేకుండా చెల్లుతుంది. జనం తండోపతండాలుగా రాకముందే కట్టేవాళ్ళు వందల పనులు కట్టి పెట్టారు. జనం వచ్చాక కష్టం కూడా వచ్చింది. 2017 చివర్లో క్రిప్టోకిటీస్ అని బొమ్మ పిల్లులను కొనే ఆట ఒకటి బయలుదేరితే దారంతా కిక్కిరిసిపోయి, మామూలు లావాదేవీలకు కూడా రుసుము పెరిగింది. పిల్లి బొమ్మల వల్ల దారి మూసుకుపోవడం ఏమిటో మాకు ఇప్పటికీ నవ్వే.

అయితే కట్టేవాళ్ళ మీద డబ్బు కుమ్మరిస్తే చాలా? చాలదు. ఈఓఎస్ అనే ఇంకో గొలుసు వాళ్ళు 2017 జూన్ నుంచి ఏడాది పాటు నాణేలు అమ్మి సుమారు 400 కోట్ల డాలర్లు పోగేశారు. కట్టేవాళ్ళకు పెట్టుబడి పెడతామని పెద్ద నిధి ప్రకటించారు. అయినా ఎథీరియం దరిదాపులకు రాలేకపోయారు. బహుమతి కోసం వచ్చినవాడు బహుమతి అందేదాకే ఉంటాడు.

వాడేవాళ్ళను డబ్బుతో తెస్తే ఏమవుతుందో ఇంకా స్పష్టంగా కనబడింది. యాక్సీ ఇన్ఫినిటీ అని వియత్నాం కంపెనీ వారి ఆట. ఆడితే నాణేలు వస్తాయి. కరోనా రోజుల్లో పనుల్లేని ఫిలిప్పీన్స్ జనం 2021లో దాని మీదే ఇల్లు గడుపుకున్నారు. కొత్తవాళ్ళు చేరుతున్నంత కాలం నాణేనికి ధర ఉంది, తగ్గగానే ధర పడిపోయింది, జనం వెళ్ళిపోయారు. 2022 మార్చిలో దాని గొలుసు నుంచి దొంగలు 60 కోట్ల డాలర్ల పైన ఎత్తుకుపోయారు. చీటీ పాటలో మునిగిన ఇళ్ళు మనలో ఎన్నో ఉన్నాయి, మీకు విడమరిచి చెప్పనక్కరలేదు. ఇంటికిన్ని నాణేలు అనే మాట మానుకోమని ఆ వర్గం వారికి మా మనవి. పైగా మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి ఇట్లాంటి ఆస్తుల లాభం మీద 30 శాతం పన్ను ఉంది. కూలి లెక్కే సరిగా రాసుకోలేని ఇంట్లో ఈ లెక్క ఎవరు రాస్తారండీ?

మన పనికి బాగా దగ్గరగా ఉన్నది ట్రేడ్‌లెన్స్ కథ. ఓడల కంపెనీ మెర్స్క్, ఐబీఎం కలిసి సరుకు ఎక్కడ బయలుదేరి ఎక్కడికి చేరిందో బ్లాక్‌చెయిన్ మీద రాసే పద్ధతి 2018లో పెట్టారు. కట్టినవాళ్ళు తక్కువవాళ్ళు కారు. పోటీ కంపెనీలు కొన్ని చేరాయి కూడా. అయినా రంగమంతా కలిసి రాలేదని చెప్పి 2022 నవంబరులో మూసేస్తున్నట్టు ప్రకటించారు. పక్కవాడి సొంత పుస్తకంలో మన లెక్క రాయడానికి మనసొప్పదు, అదే కారణమని మేమనుకుంటున్నాం. రేపు మన పుస్తకం కూడా ఒక పెద్ద సొసైటీ చేతిలోనో, ఒక సాహుకారు చేతిలోనో పడితే మిగతా ఊళ్ళు ఒక్క చీర కూడా అందులో రాయవు. కొన్నేళ్ళ కిందట ఒక కంపెనీ వారు మా వీధికి వచ్చి, నేత నుంచి కొనేవారికి నేరుగా అని చెప్పి, మగ్గాల మీద మా ఆడవాళ్ళను కూర్చోబెట్టి ఫొటోలు తీసుకుపోయారు. యాప్ ఆరు నెలలకు ఆగిపోయింది. ఫొటోలు మాత్రం ఎవరి దగ్గర ఉన్నాయో ఈనాటికీ తెలియదు.

అందుకని మా ఆలోచన ఇది. ముందు కట్టేవాళ్ళే, కానీ ముగ్గురో నలుగురో చాలు. అది కూడా ఏసీ గదిలో రెండు రోజుల పోటీ పెట్టి కాదు. బెంగుళూరు, పూణేలలో ఉద్యోగం చేస్తున్న మన పిల్లలు ఒక్క నెల వచ్చి మగ్గం పక్కన కూర్చోవాలి. ఆసు పోసేది, కండెలు చుట్టేది ఇంటి ఆడవాళ్ళు, చీర మీద పేరు మాత్రం మగవాడిది. పుస్తకంలో ఇద్దరి పేరూ ఎక్కాలంటే ఈ సంగతి కట్టేవాడు కళ్ళారా చూడాలి. ఇంకో చిక్కు కూడా చూడాలి. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదివింది మరాఠీలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, కన్నడంలోనో. తెలుగు అక్షరాల్లో యాప్ పెడితే యానాంలో చదువుతారేమో గానీ సోలాపూరులో సగం ఇళ్ళు చదవలేవు. అది మాట్లాడే యాప్ కావాలి.

ఇక వాడేవాళ్ళు. నేతగాడు ఎందుకు వాడాలి? ఎక్కడో ముంబైలో కొనేవాడికి నమ్మకం కలగడానికి వీడు రోజూ ఫోను నొక్కుతాడా? నొక్కడు. వాడికి ఆ రోజే ఏదో ఒకటి దక్కాలి. నూలు ఎంత తూకం తీసుకున్నాం, బట్ట ఎంత ఇచ్చాం, కోత ఎంత పడింది, కూలి ఎంత రావాలి అన్నది ఎవరూ దిద్దలేని పుస్తకంలో ఉంటే, ఎవరూ చెప్పకుండానే ప్రతి సాయంత్రం తెరిచి చూస్తాడు. చీర జన్మపత్రిక దాని వెనకాలే తయారవుతుంది. దీనికి సాహుకార్లు ఒప్పుకోరు. కొందరు సెక్రటరీలూ ఒప్పుకోరు. అసలు పోరు అక్కడే ఉంది, సాఫ్ట్‌వేర్‌లో కాదు.

పిల్లలు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. గొలుసు రాసినదాన్ని చెరపనివ్వదు గానీ, రాసింది నిజమో అబద్ధమో దానికి తెలియదు. పవర్‌లూమ్ చీరకు చేనేత అని రాస్తే ఆ అబద్ధాన్నే శాశ్వతంగా దాస్తుంది. చేనేత మార్కు ముద్ర 2006 నుంచీ ఉంది, అయినా నకిలీ ఆగలేదు. మగ్గం మీద ఉండగానే గుడ్డను కళ్ళతో చూసి సంతకం పెట్టే మనిషి ఊరికొకరు కావాలి. వాళ్ళకు జీతం ఇవ్వాలి. మూలనిధిలో ఎక్కువ భాగం దానికే పోవాలని మా సొసైటీ రాతపూర్వకంగా ఇస్తోంది.

మా ప్రతిపాదన ఇంతే: రెండు ఊళ్ళు, నలభై మగ్గాలు, ఒక ఏడాది. పుస్తకం అజమాయిషీ ఏ ఒక్క సొసైటీకీ ఇవ్వకుండా ప్రతి రాష్ట్రం నుంచి ఒకరు. ఒక ఊరు మా బరంపురం, కూలి లెక్కతో సహా తెరవడానికి మేం సిద్ధం. రెండో ఊరు ఎవరు వస్తారో మధ్యాహ్నం భోజనాల తర్వాత తీర్మానం చదివేటప్పుడు చెయ్యెత్తి చెప్పండి.